పంటి మీద మచ్చ చూసి పాచి అనకండి: దంత డాక్టర్లందరికీ ఒక బహిరంగ లేఖ

దంత వైద్యులకీ, డెంటల్ కాలేజీల్లో పాఠాలు చెప్పే ప్రొఫెసర్లకీ, మీ సంఘాల పెద్దలకీ నమస్కారం.

నేను డాక్టర్ని కాదు, ఫ్లోరోసిస్ పళ్ళతో, అంటే చిన్నప్పుడు ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువ పోయి మచ్చలు పడ్డ పళ్ళతో, ఇరవై ఏళ్ళకి పైగా బతికిన మనిషిని. ఇప్పుడు రాయబోయే విషయం మీదే మీ సంఘం ఒకదానికి రెండుసార్లు ఉత్తరం రాశాను. మొదటిదానికి జవాబు లేదు, రెండోదానికి "మీ లేఖ అందింది" అని ఒక్క లైను వచ్చింది, అది వచ్చి కూడా ఏడాది దాటిపోయింది. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నా. మీ వృత్తి మీద నాకు గౌరవం తక్కువై కాదు, రాత్రంతా పంటి నొప్పితో గోడకి తల ఆనించి కూర్చున్న మనిషికి మీ విలువ ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఒక్క విషయంలో మీలో చాలామంది మా మాట వినట్లేదు, ఆ ఒక్కటే ఇక్కడ చెప్తా.

నాకు ఏడేళ్ళప్పుడు పై ముందు పళ్ళు రెండూ వచ్చాయి. వచ్చినప్పుడే సుద్దముక్క పూసినట్టు ఉన్నాయి, పాలపళ్ళకున్న మెరుపు లేదు. రెండు మూడేళ్ళు తిరిగేసరికి ఆ తెలుపు మధ్యలో గోధుమ రంగు చారలు అడ్డంగా దిగాయి. అమ్మ రోజుకి మూడుసార్లు దగ్గరుండి బ్రష్ చేయించేది, గట్టి బ్రష్ కొనేది, చిగుళ్ళ నుంచి రక్తం వచ్చినా "ఇంకొంచెం తోము, పోతుంది" అనేది. పోలేదు. చివరికి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. కుర్చీలో పడుకోబెట్టి నోరు తెరవమన్నాక ఆయన అన్న మొదటి మాట "ఏమ్మా, బ్రష్ చెయ్యవా?". అమ్మ పక్కనే ఉంది, నర్సు ఉంది, తలుపు దగ్గర బెంచీ మీద ఇంకో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఆ రోజు క్లీనింగ్ చేశారు. ఏడాదికి ఇంకో చోట ఇంకోసారి, ఆ తర్వాత మూడో చోట మూడోసారి. చారలు ఎక్కడివి అక్కడే. నేను మాత్రం నవ్వొచ్చినప్పుడు పై పెదవిని పళ్ళ మీదకి లాగి పట్టుకోవడం నేర్చుకున్నా, ఎంతలా అంటే ఇప్పటికీ ఫొటో తీస్తున్నారంటే ఆ పెదవి దానంతట అదే కిందకి దిగుతుంది.

మా అక్క సంగతి ఇంకా బాధ. అక్కకి పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక డాక్టర్ గారు ఆరు ముందు పళ్ళకీ క్యాపులు వేసేద్దాం, వారంలో పని అయిపోతుంది, జీవితాంతం దిగుల్లేదు అన్నారు. అక్క పళ్ళకి పుచ్చు లేదు, నొప్పి లేదు, కదలట్లేదు, ఉన్నదల్లా రంగే. పళ్ళు అరగదీశాక అక్క అద్దం అడిగితే ఇవ్వలేదంట, నాలుకతో తడిమి చూసుకుంటే సన్నగా మొనదేలిన ముక్కలు తగిలాయి, ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్తూ ఏడ్చింది. నాలుగేళ్ళకి ఒక పన్ను లోపల చచ్చిపోయి రూట్ కెనాల్, ఆరేళ్ళకి ఇంకోటి. చిగురు కొంచెం పైకి జరిగి క్యాప్ అంచు దగ్గర నల్లటి గీత కనపడటం మొదలైంది. ముప్పై దాటేసరికి ఆరు క్యాపులూ తీసి మళ్ళీ కొత్తవి వేయించుకుంది. ఇంకో పదిహేనేళ్ళకి మళ్ళీ అదే పని ఉంటుందని ఆమెకి ఇప్పుడు తెలుసు. పంతొమ్మిదేళ్ళప్పుడు ఎవరూ చెప్పలేదు.

నాకు ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చాక వేరే పని మీద వెళ్తే ఒక డాక్టర్ గారు కలిశారు. ఆయన నా ముందు పళ్ళ మీద కాసేపు గాలి కొట్టి, నా చేతికి అద్దం ఇచ్చి "చూడండి" అన్నారు. పన్ను ఆరే కొద్దీ తెల్ల మచ్చ పెద్దదవుతూ వచ్చింది, అంతకుముందు నేనెప్పుడూ చూడని సన్నని అడ్డగీతలు కనిపించాయి. నాలుకతో తడిపాక మళ్ళీ సగం మాయమైంది. ఎడమ వైపు ఎలా ఉందో కుడి వైపు అలాగే ఉందని వేలు పెట్టి చూపించారు. తర్వాత "మూడేళ్ళ వయసు వరకు మీరు ఏ నీళ్ళు తాగారు?" అని అడిగారు. బోరు నీళ్ళు అన్నాను. "ఇది పాచి కాదు, గార కాదు, మీరు తోమకపోవడం వల్ల వచ్చింది కాదు, ఇది ఫ్లోరోసిస్" అన్నారు. ఇరవై ఏళ్ళలో నలుగురు డాక్టర్లు నా నోరు చూశారు, నా చిన్నతనం గురించి అడిగింది ఆయన ఒక్కరే.

ఆయన చెప్పిందీ, తర్వాత నేను చదువుకున్నదీ కలిపి కొంచెం రాస్తా. మీకు తెలిసిందే, కానీ ఈ లేఖ చదివే తల్లిదండ్రులకి తెలియాలి. పన్ను చిగురు చీల్చుకుని బయటికి రాకముందే దవడ ఎముక లోపల ఎనామిల్, అంటే పన్ను మీదుండే గట్టి పొర, తయారవుతుంది. ముందు ప్రోటీన్‌తో మెత్తటి అచ్చులాంటిది ఏర్పడుతుంది, తర్వాత ఆ ప్రోటీన్ కరిగి పోతూ ఉంటే ఆ ఖాళీలో ఖనిజం నిండి గట్టిపడుతుంది. ఆ రోజుల్లో బిడ్డ ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువ పోతూ ఉంటే ప్రోటీన్ పూర్తిగా పోదు, ఖనిజం పూర్తిగా నిండదు. పైన సన్నటి పొర గట్టిగానే ఉంటుంది, దాని కింద కంటికి కనపడని రంధ్రాలు మిగిలిపోతాయి. వెలుతురు ఆ రంధ్రాల్లో పడి చెదిరిపోతుంది కాబట్టి అక్కడ పన్ను తెల్లగా, సుద్దలా కనపడుతుంది. గోధుమ రంగు పన్నుతో పాటు పుట్టదు, పన్ను బయటికి వచ్చాక తినేదాంట్లోంచీ తాగేదాంట్లోంచీ రంగు ఆ రంధ్రాల్లోకి ఇంకి ఏళ్ళ తరబడి ముదురుతుంది. బాగా ఎక్కువగా ఉన్నవాళ్ళకి నమిలే ఒత్తిడికి పైపొర పెళ్ళలుగా ఊడి గుంటలు పడతాయి. ఇదంతా పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ళ లోపు జరిగేదే, నలుగురికీ కనపడే ముందు పళ్ళకైతే మొదటి మూడేళ్ళే ముఖ్యం. జ్ఞానదంతాల్ని పక్కన పెడితే, ఎనిమిదేళ్ళు దాటాక కొత్తగా పంటికి ఫ్లోరోసిస్ రాదు, ఎముకల సంగతి వేరు. అంటే నేను ఇంకా మాటలు కూడా సరిగ్గా రాని వయసులో నా ఒంట్లో జరిగిపోయినదానికి పన్నెండేళ్ళప్పుడు "బ్రష్ చెయ్యవా" అనిపించుకున్నాను.

ఇంకో మాట, ఇది మీ వృత్తి చరిత్రలోదే. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర డెంటిస్టు అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ వెళ్ళి ప్రాక్టీసు పెడితే అక్కడ పుట్టి పెరిగినవాళ్ళ పళ్ళ నిండా గోధుమ మచ్చలే. అదేంటో పుస్తకాల్లో లేదు. ఆయన వదిలిపెట్టలేదు, 1909లో ఆ రోజుల్లో దంత వైద్యంలో అందరికంటే పెద్ద పేరున్న జి.వి. బ్లాక్‌ని పిలిపించుకుని కలిసి పనిచేశారు. మచ్చ వచ్చేది పన్ను తయారయ్యే వయసులోనే అనీ, ఈ పళ్ళు అంత తేలిగ్గా పుచ్చిపోవనీ అప్పుడే తేలింది. 1923లో ఐడహోలో ఓక్లీ అనే చిన్న ఊరి తల్లిదండ్రులు తమ పిల్లల పళ్ళ గురించి చెప్తే అక్కడికీ వెళ్ళారు. ఐదు మైళ్ళ దూరంలో ఉన్న వేడినీటి ఊట నుంచి పైపు వేసుకున్న దగ్గర్నుంచే ఈ మచ్చలు మొదలయ్యాయని వాళ్ళు చెప్పారు. నీళ్ళు పరీక్ష చేయిస్తే ఏమీ బయటపడలేదు, అయినా ఆయన వాళ్ళ మాట మీద నమ్మకంతో ఆ పైపు వదిలేసి వేరే ఊట వాడుకోమన్నారు. కొన్నేళ్ళకి ఆ ఊళ్ళో చిన్నపిల్లలకి మచ్చ లేని పళ్ళు వచ్చాయి. అది ఫ్లోరైడ్ అని ఖాయంగా తెలిసింది 1931లో, చర్చిల్ అనే కెమిస్టు ఆర్కాన్సాలో బాక్సైట్ అనే ఊరి నీళ్ళు పరీక్షిస్తే లీటరుకి 13 మిల్లీగ్రాములకి పైగా ఫ్లోరైడ్ ఉంది. అంటే సైన్సు కంటే ఎనిమిదేళ్ళ ముందే ఆ తల్లిదండ్రుల మాట విని ఒక డెంటిస్టు ఆ ఊరి పిల్లల పళ్ళు కాపాడాడు. అంత ఓపికగా వినే అలవాటుతో మొదలైన విద్య మీది, నేను అడుగుతున్నది ఆ వినడమే.

ఇక విషయంలోకి వస్తా. మామూలు జనం ఏం బాధలు పడుతున్నారో, మీరు ఏం చెయ్యాలో ఒక్కో పాయింటులో కలిపే రాస్తున్నా.

1. పేరు పెట్టి చెప్పండి. "గార పళ్ళు" అన్న ఒక్క మాట కింద మీరు పాచినీ, పొగాకు మరకనీ, ఫ్లోరోసిస్‌నీ కలిపేస్తే ఇంటికెళ్ళాక జరిగేది వేరే ఉంటుంది. పిల్లని తిడతారు. బొగ్గు పొడి, గరుకు పొడి, ఎవరో చెప్పిన ఇంకేదో పెట్టి రుద్దిస్తారు. అసలే పైపొర కింద బలం తక్కువున్న ఎనామిల్ అది, అలా రుద్దితే మచ్చ పోదు గానీ ఉన్న పొర అరిగిపోతుంది, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. వయసొచ్చిన అబ్బాయిని పట్టుకుని పొగాకు నములుతున్నావా అని అడిగేవాళ్ళు ఉన్నారు, వాడు జీవితంలో ముట్టుకుని ఉండడు. ఉద్యోగం ఇంటర్వ్యూలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడితే ఎదుటివాళ్ళు ధైర్యం లేదనుకుంటారు. మీరు కుర్చీలో ఒక్క నిమిషం "ఇది నీ తప్పు కాదు, పన్ను లోపల తయారయ్యేటప్పుడు వచ్చింది" అని తల్లి వినేలా చెప్తే ఇందులో సగం ఆగిపోతుంది. దీనికి మెషిన్లు అక్కర్లేదు, ఖర్చు లేదు. దయచేసి స్కేలింగ్‌తో, అంటే పళ్ళ క్లీనింగ్‌తో, పోతుందని మాత్రం చెప్పకండి, రంగు పంటి లోపల ఉంటే పైన గీకితే ఎలా పోతుంది?

2. తుడిచి, ఆరబెట్టి, వెలుతుర్లో చూడండి. తెల్ల మచ్చలన్నీ ఫ్లోరోసిస్ కాదని మీకు తెలుసు, జనానికి తెలీదు. చిగురు అంచు పక్కన పాచి పట్టే చోట ఉన్న సుద్ద తెలుపు పుచ్చు మొదలవుతున్న గుర్తు కావచ్చు, అప్పుడు నిజంగానే బ్రష్ గురించి మాట్లాడాలి. పాలపన్నుకి చిన్నప్పుడు దెబ్బ తగిలితే దాని కింద వచ్చే ఒక్క పన్ను మీదే మచ్చ ఉంటుంది. మొదటి పెద్ద దవడ పళ్ళూ ముందు పళ్ళూ మాత్రమే అంచు గీసినట్టున్న పసుపు, గోధుమ మచ్చలతో ముక్కలవుతుంటే అది ఇంకో జబ్బు. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు వాడిన పిల్లలకి పన్ను లోపలి నుంచే బూడిద, పసుపు పట్టీలు వస్తాయి. పాలపళ్ళతో సహా అన్నీ పాడైపోయి ఇంట్లో ఇంకొకరికి కూడా అలాగే ఉంటే అది వంశపారంపర్యం. ఫ్లోరోసిస్ అయితే రెండు వైపులా జతగా ఉంటుంది, అంచులు మసగ్గా కలిసిపోతాయి, అడ్డగీతలుగా లేదా మబ్బుల్లా కనపడుతుంది. ఒకదాన్ని ఇంకోటి అనుకుంటే పుచ్చు మొదలైన పన్నుని వదిలేస్తారు, మంచి పన్నుని అరగదీస్తారు, రెండూ జరుగుతున్నాయి. చిన్నప్పుడు ఏ నీళ్ళు, డబ్బా పాలు ఏ నీళ్ళతో కలిపారు, పేస్టు మింగే అలవాటు ఉండేదా అని అడగడానికి రెండు నిమిషాలు చాలు. ఆ తర్వాత ఫ్లోరోసిస్ ఎంత ఉందో కొలవడానికి డీన్ అనే అమెరికా డెంటిస్టు 1930ల్లో మొదలుపెట్టి 1942లో సరిదిద్దిన స్కేలో, అదే పనికి వాడే 1978 నాటి టీఎఫ్ ఇండెక్సులో 0 నుంచి 9 వరకు ఉన్న అంకెల్లో ఏదో ఒకటో మా కాగితం మీద రాయండి. అది రాసి ఉంటే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళినా కథ మొదటి నుంచి మొదలవ్వదు, "చాలా తక్కువ" అని మీరే రాసిన పన్నుకి క్యాప్ వెయ్యాలని ఎవరూ అనలేరు.

3. తక్కువ తీసే వైద్యంతో మొదలుపెట్టండి. ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఇదే కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా.

చాలామందికి ఉండేది దగ్గరికొచ్చి చూస్తే తప్ప తెలియని తెల్ల గీతలు, వాళ్ళకి ఏమీ చెయ్యక్కర్లేదు, ఆ మాట చెప్పి పంపడం కూడా వైద్యమే. మనిషికి నిజంగా బాధగా ఉంటే ముందు బ్లీచింగ్ ఉంది, ఇంట్లో రాత్రిపూట ట్రేలో పెట్టుకునే 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్‌తో మెల్లగా చేసేది. అది తెల్ల మచ్చని తీసెయ్యదు, చుట్టూ ఉన్న పన్ను రంగుని తేలిక చేసి మచ్చకీ పన్నుకీ తేడా తగ్గిస్తుంది, గోధుమ చారల్ని కూడా కొంత పలచన చేస్తుంది. తర్వాతది మైక్రో అబ్రేషన్, తక్కువ గాఢత హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో సన్నటి గరుకు పొడి కలిపిన పేస్టుతో పైపైన రుద్దడం. దీంట్లో పోయే ఎనామిల్ మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే పదింట రెండు వంతులు. పైపొరలో ఉన్న గోధుమ రంగుకి ఇది బాగా పనిచేస్తుంది, నా నాలుగు పళ్ళ మీద చారలు ఒక్క సిట్టింగులో ముప్పాతిక వంతు పోయాయి, ఇరవై ఏళ్ళు మోసిన చారలు అవి.

ఇంకా లోతుగా ఉన్న తెలుపుకి రెసిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ ఉంది, 2009 ప్రాంతం నుంచీ దొరుకుతోంది. 15 శాతం ఆసిడ్‌తో పైపొర తెరిచి, ఆల్కహాల్‌తో లోపలి తడి లాగేసి, నీళ్ళలా పలచగా ఉండే, గట్టిపడితే ప్లాస్టిక్ లాంటిదయ్యే రెసిన్‌ని ఆ రంధ్రాల్లోకి ఇంకనిచ్చి లైటుతో గట్టిపరుస్తారు. ఇది ఎందుకు పనిచేస్తుందో అర్థమైనప్పుడు నాకు ఆ గాలి కొట్టిన రోజు గుర్తొచ్చింది. ఎనామిల్ వెలుతురుని వంచే గుణం 1.62 అయితే గాలిది 1.0, నీటిది 1.33. రంధ్రాల్లో గాలి ఉంటే తేడా ఎక్కువ కాబట్టి మచ్చ కొట్టొచ్చినట్టు కనపడుతుంది, ఉమ్ముతో తడిస్తే తేడా తగ్గి సగం దాక్కుంటుంది. రెసిన్‌ది 1.5 దగ్గర ఉంటుంది, ఎనామిల్‌కి అంత దగ్గరగా వచ్చేసరికి మచ్చ పన్నులో కలిసిపోతుంది. డ్రిల్లు లేదు, ఇంజెక్షన్ లేదు. నా పళ్ళకి ఆల్కహాల్ రాసినప్పుడే డాక్టర్ గారు ఆగి "ఇప్పుడు మచ్చ ఎంత మాయమైందో చూడండి, రెసిన్ వేశాక సుమారుగా ఇలాగే ఉంటుంది, ఇది మీకు చాలా?" అని అడిగారు. ముందే చూపించి, నన్ను అడిగి, ఆ తర్వాతే చేశారు.

గుంటలు పడితే వాటి వరకు పంటి రంగు ఫిల్లింగ్ (కాంపోజిట్) నింపొచ్చు. ఇవేవీ సరిపోనప్పుడు వెనీర్, అంటే పన్ను ముందువైపు అంటించే పలచని పొర, దానికి అర మిల్లీమీటరు అటూ ఇటూగా తియ్యాల్సి వస్తుంది. చివరాఖరికి క్యాప్. పూర్తి క్యాప్ అంటే బయటికి కనపడే పన్నులో 60 శాతానికి పైగా అరగదీయడం, ఒకసారి అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదు. ఈ వరసని చాలా క్లినిక్కుల్లో తలకిందులు చేసి మొదటి మెట్టుగా క్యాప్ చెప్తున్నారు. ముక్కలైపోతున్న పన్నుకి క్యాప్ అవసరం, దాన్ని నేను కాదనట్లేదు. రంగు కోసం గట్టి పన్నుని, అందులోనూ ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్లల పన్నుని, లోపల నరం ఇంకా పెద్దగా ఉండే వయసులో అరగదీయొద్దని అడుగుతున్నా. మీ దగ్గర మైక్రో అబ్రేషనూ రెసినూ లేకపోతే ఉన్నవాళ్ళ దగ్గరికి పంపండి.

4. అరగదీసే ముందు కాగితం మీద రాసివ్వండి: ఎన్ని పళ్ళు, ఎంత తీస్తారు, ఎన్నేళ్ళు ఉంటుంది, తర్వాత ఏం చెయ్యాల్సి వస్తుంది, ఇంతకంటే తక్కువ తీసే దారి ఏది, దాన్ని ఎందుకు వద్దంటున్నారు. చదువుకుని రెండు రోజులు ఆలోచించుకోనివ్వండి. అద్దం అడిగితే ఇవ్వండి.

5. వైద్యం హద్దులు కూడా దాచకండి. బ్లీచింగ్ మొదలుపెట్టిన కొత్తలో పన్ను ఆరిపోయి తెల్ల మచ్చలు ఇంకా ఎక్కువైనట్టు కనపడతాయి, అది ముందే చెప్పకపోతే మనిషి భయపడి మధ్యలో మానేస్తాడు. జివ్వుమనడం కొన్నాళ్ళు ఉంటుంది. ఫ్లోరోసిస్ ఎనామిల్‌కి ఆసిడ్ అంత తేలిగ్గా పట్టదు కాబట్టి కాంపోజిట్, క్లిప్పుల బ్రాకెట్లు మామూలు పళ్ళ కంటే తొందరగా ఊడిపోవచ్చు, అప్పుడు "నువ్వు గట్టివి కొరికావు" అని పేషెంటు మీదకి నెట్టకుండా ముందే ఆ సంగతి చెప్పి ఆసిడ్ ఉంచే టైము చూసుకోండి. గోధుమ రంగు ఏళ్ళు గడిస్తే కొంత మళ్ళీ రావచ్చు. ఇవన్నీ విన్నాక కూడా మేము చేయించుకుంటాం, తెలిసి చేయించుకుంటాం.

6. కాలేజీల్లో చేతులతో నేర్పండి. ప్రతి డెంటల్ స్టూడెంటూ డిగ్రీ తీసుకునే లోపు ఫ్లోరోసిస్ పళ్ళని ఆరబెట్టి, ఫొటో తీసి, గ్రేడు రాసి, కనీసం మైక్రో అబ్రేషన్ తన చేత్తో చేసి ఉండాలి. ప్రభుత్వ దంత ఆసుపత్రుల్లో దీన్ని అందం పని అని పక్కన పెడుతున్నారు. మాట్లాడటానికి నోరు తెరవలేని పదిహేనేళ్ళ పిల్లకి ఇది అందం పని కాదు. పళ్ళు గుంటలు పడి చల్లవీ వేడివీ తినలేని మనిషికి అసలే కాదు. డబ్బున్నవాళ్ళు వెనీర్లు వేయించుకుంటారు, లేనివాళ్ళు నోరు మూసుకుని బతుకుతారు, ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగేది ఎక్కువగా లేనివాళ్ళే. మైక్రో అబ్రేషన్ సామాను పెద్ద ఖరీదైనది కాదు, ప్రతి ప్రభుత్వ దంత విభాగంలో ఉండాలి.

7. చిన్నపిల్లల తల్లులకి మీరే చెప్పాలి, ఎందుకంటే పళ్ళు బయటికొచ్చాక మేము మీ దగ్గరికి వస్తున్నాం, అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. మూడేళ్ళ లోపు పిల్లలకి పేస్టు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత, ఉమ్మేసేలా పెద్దవాళ్ళు దగ్గరుండాలి. ప్రకటనల్లో బ్రష్ పొడుగునా చుట్టి వేస్తారే, అది పసిపిల్లలకి కాదు. తాగే నీళ్ళలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, మీ ఊరి నీళ్ళు పరీక్ష చేయించుకున్నారా అని అడగండి. నీళ్ళు కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది, ఇది తెలియక పసిబిడ్డకి కాచి కాచి పట్టిస్తున్న తల్లులు ఎంతమందో. మామూలు క్యాండిల్ ఫిల్టర్ కూడా తియ్యదు, ఆర్వో తీస్తుంది, యాక్టివేటెడ్ అల్యూమినా తీస్తుంది, పటిక సున్నం కలిపి తేర్చే నల్లగొండ పద్ధతి ఉండనే ఉంది. తల్లిపాలలో ఫ్లోరైడ్ చాలా తక్కువ, తల్లి ఆ నీళ్ళే తాగుతున్నా సరే. డబ్బా పాలు మాత్రం కలిపే నీళ్ళని బట్టి ఉంటాయి. ఇవన్నీ టీకాలకి వచ్చిన తల్లికి చెప్పాల్సిన మాటలు, పిల్లల డాక్టర్లతోనూ నర్సులతోనూ మీ సంఘాలు కూర్చుని మాట్లాడాలి.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ లేఖ చదివి ఎవరూ ఫ్లోరైడ్ పేస్టు మానెయ్యకండి. సరైన మోతాదులో అది పుచ్చు రాకుండా కాపాడుతుంది, దానికి ఎంతో రుజువు ఉంది, పుచ్చు వల్ల పోయే పళ్ళు మచ్చ వల్ల పోయేవాటి కంటే చాలా ఎక్కువ. పెద్దవాళ్ళకి పేస్టు వల్ల కొత్తగా పంటికి ఫ్లోరోసిస్ రాదు. ఫ్లోరోసిస్ ఉన్నవాళ్ళు కూడా అదే పేస్టుతో తోముకోవచ్చు, తోముకోవాలి.

డాక్టర్ గారూ, మేము మిమ్మల్ని అసాధ్యమైనది అడగట్లేదు. మా అక్క పళ్ళు తిరిగి రావు, ఆమె కూడా అది అడగట్లేదు. ఆమెకి ఇప్పుడు ఎనిమిదేళ్ళ కూతురు ఉంది, ముందు పళ్ళు కొత్తగా వచ్చాయి, కుడి పన్ను మీదా ఎడమ పన్ను మీదా సమానంగా సన్న తెల్ల గీతలు. వచ్చే నెల చూపించడానికి తీసుకెళ్తున్నాం. ఆ కుర్చీలో కూర్చునేటప్పుడు పిల్ల పక్కన నేనుంటా, మీలో ఎవరి దగ్గరికి వస్తామో ఇంకా తెలీదు. ముందు గాలి కొట్టి చూడండి, నీళ్ళ గురించి అడగండి, ఆ తర్వాత మాట్లాడండి.

మీ సంఘాల నుంచి ఈ ఏడు పాయింట్లకి రాతపూర్వకంగా జవాబు కావాలి, దేన్ని ఒప్పుకుంటారో, దేన్ని ఎందుకు ఒప్పుకోరో. ఈసారి "లేఖ అందింది" అన్న ఒక్క లైను వద్దు.

ఇట్లు,
ఫ్లోరోసిస్ పళ్ళున్న ఒక పేషెంటు, ఆమె అక్క తరఫున కూడా